తమ్ముడి కాపురానికి మీరు అడ్డు తప్పుకోవాలి

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్ళు. తాగుడు బాగా ఎక్కువైంది, ఈమధ్య పొద్దున్నే మొదలుపెడుతున్నాడు. మూడు నెలల కిందట మరదలు పాపని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. అమ్మానాన్నలు లేరు, వాడికి అన్నీ నేనే. లోను వాయిదాలు కడుతున్నాను. లేవలేని రోజు ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరమని చెబుతున్నాను. ఇవేవీ మరదలికి తెలియవు. తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ గురించి చెబితే, ఇప్పుడు ‘నీకోసం ఒక్కసారి మీటింగ్‌కి వస్తానక్కా’ అన్నాడు. తెలిసినవాళ్ళు తగలకుండా దూరంగా ఉండే గ్రూపుని వెతకనా? నేను పక్కన కూర్చోవచ్చా? ఎన్ని మీటింగులకి మానేస్తాడు?

జవాబు: అమ్మా, దూరం సంగతి వదిలేయండి. వారానికి నాలుగైదుసార్లు వెళ్ళాల్సిన చోటు దూరమైతే రెండో వారానికే ఎగ్గొడతాడు. అక్కడ తెలిసినవాడు కనపడ్డా, అతనూ ఇదే బాధతో వచ్చినవాడే. ఇక ఎన్ని మీటింగులంటారా, దానికి లెక్క లేదు. మొదటి 90 రోజుల్లో 90 మీటింగులని పాతవాళ్ళు చెప్పేది కూడా అలవాటు పడటానికే.

నన్ను కలవరపెట్టింది వేరే. మీ తమ్ముడు వస్తానన్నది మీకోసం. ఆ మాటలో భార్యా లేదు, పాపా లేదు, తానూ లేడు. మరదలి లెక్కలో భర్త తాగినా ఉద్యోగం, అప్పు ఎలాగో నెట్టుకొస్తున్నాడు. నెట్టుకొస్తున్నది మీరని ఆమెకి తెలియదు. తల్లిలా చూసుకోవడం తప్పని నేననను. కానీ పెళ్ళయిన మగాడి అప్పు, ఉద్యోగం, ఆరోగ్యం ముందు తెలియాల్సింది భార్యకి. ఎంత ప్రేమ ఉన్నా ఆడపడుచు ఆ చోట కూర్చోకూడదు. మీరు అక్కడ ఉన్నంతకాలం తాగుడు వల్ల పడాల్సిన దెబ్బ ఒక్కటీ అతనికి తగలదు.

మీటింగ్ కన్నా ముందు డాక్టరు. పొద్దున్నే తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల లేనివి కనపడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం రావచ్చు, అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో తలుపేసి మాన్పించే పని పెట్టుకోకండి. రోజుకి ఎంత తాగుతాడో తగ్గించకుండా డాక్టరుకి చెప్పాలి, మందుల మోతాదు దాన్ని బట్టే ఉంటుంది. అన్నంలో తెలియకుండా కలిపే మందులు ఎవరైనా చెబితే వినొద్దు. డైసల్ఫిరామ్ లాంటిది కడుపులో ఉండగా తాగితే బీపీ పడిపోయి మనిషి పోవచ్చు.

తర్వాత ఆల్కహాలిక్స్ అనానిమస్ వెబ్‌సైట్లో ఉన్న నంబరుకి ఫోన్ అతనే చెయ్యాలి. నంబరు మీరు కాగితం మీద రాసిస్తే చాలు, డయల్ చెయ్యకండి. అడగాల్సినవి మూడే: చోటు, వేళ, ఓపెన్ మీటింగా క్లోజ్డ్ మీటింగా. క్లోజ్డ్‌కి తాగుడు మానాలనుకునేవాళ్ళే వెళ్ళాలి, మీకు ప్రవేశం లేదు. ఓపెన్‌కి వెళ్ళవచ్చు, అయినా మీరు పక్కన ఉంటే అతను నోరు విప్పడు. గుమ్మం దాకా కూడా వద్దు.

పది నిమిషాలు ముందుగా చేరమనండి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. చందా డబ్బా తిరుగుతుంది, కొత్తవాళ్ళు వెయ్యకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. తన వంతు వస్తే ‘ఇవాళ వింటాను’ అంటే సరిపోతుంది. చాలామంది పొరపాటు చేసేది చివర్లో: ముగియగానే చెప్పులేసుకుని బయటపడతారు. అసలు పరిచయాలు, ఫోన్ నంబర్లు ఆ తర్వాతి పావుగంటలోనే. తాగాలనిపించిన రాత్రి ఫోన్ చెయ్యాల్సింది ఆ నంబర్లకే, మీకు కాదు. కొన్నాళ్ళకి అందులోంచే ఒకరిని, మగవాణ్ణే, స్పాన్సర్‌గా, అంటే తోడుండి దారి చూపే పాత సభ్యుడిగా ఉండమని అడగాలి.

ఒక్క మీటింగ్ చూసి ‘వాళ్ళంతా నాకన్నా ఘోరం, నాకు పడదు’ అంటాడు. అందరూ మొదట అనే మాటే. ఇంకో నాలుగైదు గ్రూపులు చూడమనండి. ఒక్కో గదికి ఒక్కో తీరు ఉంటుంది. అక్కడి దేవుడి ప్రస్తావన ఇబ్బందైతే స్మార్ట్ రికవరీ అనే వేరే గ్రూపు ఉంది, ఆన్‌లైన్లోనూ జరుగుతుంది. మధ్యలో మళ్ళీ తాగితే మర్నాడు మీటింగ్‌కి పోవాలి, వెలివేసేవాళ్ళు అక్కడ ఉండరు.

మీకు వేరే మీటింగ్ ఉంది: అల్-అనాన్. తాగేవాళ్ళ ఇంటివాళ్ళ కోసం 1951లో మొదలైంది. అతను మానినా మానకపోయినా మీరు వెళ్ళండి. తమ్ముణ్ణి దారికి తెచ్చే ఉపాయాలు అక్కడ దొరకవు. ఎక్కడ సాయం ఆగి అతని బరువు మోయడం మొదలవుతుందో మీకే తెలిసివస్తుంది.

ఈ వారంలో రెండు పనులు. తమ్ముడికి ముందే చెప్పండి: ‘ఇక ఆఫీసుకి నేను ఫోన్ చెయ్యను. వచ్చే నెల వాయిదా కట్టను.’ అతను తాగి లేనప్పుడు, పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్ళే దారిలో చెప్పండి. కోపగిస్తాడు, నాలుగు రోజులు మాట్లాడడు. భరించండి.

రెండోది, మరదలికి ఫోన్. ఎంత కట్టారో, ఎన్నిసార్లు అబద్ధమాడారో దాచకుండా చెప్పండి. ‘క్షమించమ్మా, నీకు చెప్పి ఉండాల్సింది’ అనండి. ‘వాడు మీటింగ్‌కి వెళుతున్నాడు, వచ్చెయ్యి’ అని మాత్రం అనొద్దు. తిరిగి రావాలా, ఎప్పుడు రావాలా అన్నది ఆమె తేల్చుకుంటుంది. అల్-అనాన్ సంగతి ఆమెకీ చెప్పండి, కానీ మీరు వెళ్ళే గ్రూపు కాకుండా ఆమెకి దగ్గరలో ఉన్నదాని నంబరివ్వండి.