పట్నంలో మనవాళ్ల మధ్యకి వెళ్లే ముందు

తమ్మీ,

మాదాపూర్‌లో ఉద్యోగం ఖాయమైందన్నావు, చాలా సంతోషం. మహబూబ్‌నగర్‌లో గే అయినవాణ్ని నేనొక్కణ్నే అనిపిస్తోందనీ, హైదరాబాద్‌లో మనవాళ్లు ఎక్కడ దొరుకుతారో చెప్పమనీ అడిగావు. నువ్వొక్కడివే కాదని నల్గొండలో కూర్చునే చెప్పగలను. కాకపోతే అక్కడ వాళ్లు నీకు కనపడరు, నువ్వు వాళ్లకు కనపడవు. పట్నంలో కనపడే చోట్లు కొన్ని ఉన్నాయి, తేడా అంతే. ఆ చోట్లకు ఎలా వెళ్లాలన్నదే అసలు సంగతి.

అందరూ ముందు ప్రైడ్ నడకకు, అంటే మనలాంటివాళ్లంతా కలిసి బాహాటంగా వీధిలో నడిచే ఊరేగింపుకు వెళ్లమంటారు. నేను మాత్రం మొదటే వద్దంటాను. హైదరాబాద్‌లో 2013లో మొదలైన నడక అది, ఒక్కసారైనా చూడాల్సిందే. కానీ అక్కడ డప్పులు, జెండాలు, నినాదాలతో పాటు టీవీ కెమెరాలూ ఉంటాయి. ఇంట్లో ఇంకా చెప్పనివాడికి నడిచినంతసేపూ టెన్షనే. పొద్దున పేపర్లో ఫొటో పడితే సాయంత్రానికి అది మీ ఊరి హోటల్ బల్ల మీద ఉంటుంది. వెళ్లాలనిపిస్తే మాస్క్ వేసుకుని వెళ్లు, అలా వచ్చేవాళ్లు ఉంటారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకోటి, అది జూన్‌లోనే ఉంటుందని లెక్క వేసుకోకు. న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ బార్ దగ్గర 1969 జూన్‌లో మనలాంటివాళ్లు పోలీసుల మీద తిరగబడ్డారు కాబట్టి లోకమంతా ఆ నెలను పట్టుకుంది. మన దగ్గర తేదీ ఏటా మారుతుంటుంది. జూన్‌లో మీ ఆఫీసువాళ్లు రంగురంగుల బ్యాడ్జీలు పంచితే పంచుతారు. బ్యాడ్జీ పెట్టుకున్నాడు కదా అని మేనేజర్‌కు మనసు విప్పి చెప్పేయకు. ఆర్నెల్లు చూడు, క్యాంటీన్‌లో ఎవరి మీద జోకులు వేస్తాడో గమనించు.

నా మాట వింటే ముందు లామకాన్‌కు వెళ్లు. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లో, సందులో ఒక పాత ఇల్లు. 2010 నుంచి అక్కడ నాటకాలు, సినిమాలు, కవి సమ్మేళనాలు, చర్చలు నడుస్తున్నాయి. చాలావాటికి టికెట్ ఉండదు, ఉన్నా తక్కువే. చాయ్, సమోసా జేబుకు బరువు కావు. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి ఎర్రమంజిల్‌లో దిగు, అక్కడి నుంచి ఆటో. అది గే వాళ్ల కోసం పెట్టిన చోటు కాదు, అందరిదీ. మనవాళ్ల సినిమాలు, మాటలు కూడా అక్కడ జరుగుతుంటాయి. నీకు అదే మంచిది. తెలిసినవాడు ఎదురైతే "నాటకానికొచ్చిన" అంటావు, అబద్ధం కూడా కాదు. అలాగే రవీంద్రభారతిలో తెలుగు నాటకాలు, జనవరిలో లిటరరీ ఫెస్టివల్. అన్నింటికీ వెళ్లాల్సిన పని లేదు. ఒకటి రెండు చోట్లు పట్టుకుని మళ్లీ మళ్లీ వెళ్లు.

వెళ్లాక మనవాళ్లెవరా అని వెతకడం మొదలుపెట్టకు. మెడ తిప్పి తిప్పి చూసేవాణ్ని దూరం నుంచే పోల్చుకుంటారు, పాపం అని నవ్వుకుంటారు. నాటకం చూడు. అయిపోగానే పరుగెత్తకుండా ఒక చాయ్ తాగు. మాట్లాడాలనుకునేవాళ్లు అక్కడే ఆగుతారు. తర్వాతిసారి గంట ముందు పోయి కుర్చీలు వేయడానికి చెయ్యి కలుపు. ఇలాంటి కార్యక్రమాలు నడిపేవాళ్లకు ఎప్పుడూ మనుషులు చాలరు. బ్యానర్ కట్టాలి, మైకు వైరు చుట్టాలి, నీళ్ల బాటిళ్లు మోయాలి. కూర్చుని చూసి వెళ్లిపోయేవాడి పేరు ఎవరికీ గుర్తుండదు, వైరు చుట్టినవాడి పేరు అందరికీ తెలుస్తుంది. నాకున్న గట్టి స్నేహాలు కార్యక్రమం ముందో తర్వాతో పుట్టినవే, కార్యక్రమంలో పుట్టినవి తక్కువ. పని చేస్తున్నప్పుడు ముఖంలోకి చూసి మాట్లాడాల్సిన ఇబ్బంది ఉండదు, సిగ్గరికి అది పెద్ద సాయం. నువ్వు సిగ్గరివని నీ మెసేజ్ చూస్తేనే తెలుస్తోంది.

నిన్ను బెదరగొట్టేది ఇంకోటుంది. అక్కడ మాటలు ఎక్కువ ఇంగ్లీషులో, కొంచెం హిందీలో నడుస్తాయి. పెద్ద పెద్ద మాటలు గడగడా వాడేస్తుంటారు, మనకు నోరు పెగలదు. కొన్ని నిజంగా పనికొచ్చే మాటలే, మెల్లగా అవే వస్తాయి. అవి రాలేదని వెనక వరసలో ముడుచుకుని కూర్చోకు. మీ నాయన బొంబాయి వలస మీద నువ్వు రాసిన పాట నాకు పంపావు కదా, ఎవరైనా లేచి పాడగలిగే ఓపెన్ మైక్‌లో అది పాడు, పాలమూరు యాసలోనే పాడు. ఆ గదిలో ఉన్నవాళ్లలో జిల్లాల నుంచి వచ్చినవాళ్లు తక్కువేమీ కాదు, ఖమ్మమో కర్నూలో ఇంగ్లీషు చాటున దాక్కుని ఉంటారు. ఒకడు తెలుగులో గొంతు విప్పితే నాలుగు గొంతులు లేస్తాయి. పాటలో నువ్వు గే అని చెప్పాల్సిన అవసరం కూడా లేదు. వలసపోయిన తండ్రి కోసం ఎదురుచూసే పిల్లాడి పాట ఎవరికైనా తగులుతుంది. ఆ తర్వాత ఏం రాస్తావో నీ ఇష్టం.

అసలు ఇలా నలుగురి ముందు వేదికెక్కి మనసు చూపించుకోవడం మనకు కొత్త కాదు. మా నల్గొండ పల్లెల్లో వీధి భాగోతం ఆడితే సత్యభామ వేషం మగవాడే కట్టేవాడు. ఆ నడక, ఆ జడ విసురు చూసి ఊరంతా మురిసేది. తెల్లారితే అదే మనిషిని ఆడంగోడని ఎక్కిరించేది. వేషం కట్టినవాళ్లంతా మనవాళ్లని అనను, భార్యాపిల్లలతో హాయిగా బతికినవాళ్లే ఎక్కువ. కానీ కొందరికి తాము తాముగా ఉండగలిగింది ఆ రాత్రే.

ఇదే గడ్డ మీద నిజాం ఏలుబడిలో 1919లో ఒక చట్టం చేశారు. హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో రాసుకోవాలి, వాళ్లు ఆడబట్టలతో వీధిలో కనబడినా, నలుగురిలో పాడినా ఆడినా వారంట్ లేకుండా అరెస్ట్ చేయొచ్చు. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో. అంటే నువ్వు ఇంటర్ దాటేదాకా అది పుస్తకాల్లో ఉంది. ఇదెందుకు చెబుతున్నానంటే, మెడలో కంపెనీ ఐడీ కార్డు పడగానే కొందరు గే కుర్రాళ్లు హిజ్రాలను, ట్రాన్స్ మనుషులను చూసి ముఖం తిప్పుకుంటారు, మేం వాళ్లలా కాదు అంటారు. నాకు ఒళ్లు మండే విషయం ఇది. మనం తలుపులేసుకుని కూర్చున్న రోజుల్లో నడివీధిలో దెబ్బలు తిన్నది వాళ్లు, ఆ చట్టం మీద కోర్టుకెక్కిందీ వాళ్లే. మీటింగుకు వెళితే వాళ్ల పక్కన కూర్చో.

నీకు సంబంధించిన చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. మగవాళ్లిద్దరు ఇష్టపడి కలవడాన్ని నేరంగా చూసిన పాత సెక్షన్ 377. అది ఢిల్లీ హైకోర్టు 2009లో నేరం కాదంది, సుప్రీంకోర్టు 2013లో నేరమే అంది, మళ్లీ అదే సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న నేరం కాదని తేల్చింది. ఆ అటూ ఇటూలోనే మా వయసు గడిచిపోయింది. పాత శిక్షాస్మృతి బదులు 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో 377 లాంటి సెక్షనే లేదు. పెళ్లికి మాత్రం గుర్తింపు లేదు. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు అది పార్లమెంటు తేల్చాల్సిన విషయమంది. ఆ కేసు వేసినవాళ్లలో ముందున్నది హైదరాబాద్ జంటే. బ్యాంకులో జాయింట్ అకౌంట్ తెరవొచ్చు, తోడున్న మనిషిని నామినీగా పెట్టొచ్చు, దానికి అడ్డేమీ లేదని కేంద్రం 2024లో చెప్పింది. నీకు ఇప్పుడే అక్కర లేకపోవచ్చు, గుర్తుంచుకో.

యాప్‌లు వాడొద్దని చెప్పను, చెప్పినా వినవు. ఒక మోసం మాత్రం తెలుసుకో. ఫొటో బాగుంటుంది, మాట తియ్యగా ఉంటుంది, రూమ్‌కు రమ్మంటాడు. వెళ్లాక ఇంకో ముగ్గురు వస్తారు, వీడియో తీస్తారు, ఇంట్లో చెబుతామని బెదిరించి ఫోన్‌పేలో ఉన్నదంతా కొట్టించుకుంటారు. అందుకే మొదటిసారి ఇరానీ హోటల్‌లోనే కలువు, జనం మధ్య. తొందరపెట్టేవాణ్ని వదిలేయ్. ఎక్కడికి వెళ్తున్నావో, కుర్చీలేసిన చోట పరిచయమైన ఒకరికి లొకేషన్ పంపు. అలా ఇరుక్కుంటే సిగ్గుపడి ఊరుకోకు. బెదిరించి డబ్బు గుంజడం నేరం, నువ్వు గే కావడం నేరం కాదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్. స్టేషన్‌కు ఒక్కడివే పోకు, తోడు తీసుకుపో. అక్కడ కూడా రకరకాల మనుషులుంటారు.

ఆరోగ్యం గురించి డాక్టర్లా లెక్చర్ ఇవ్వను. కండోమ్ జేబులో ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో సలహా ఇచ్చి పరీక్ష చేసే కేంద్రం ఉంటుంది, ఐసీటీసీ అంటారు. అక్కడ హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, ఫలితం బయటికి చెప్పకూడదని 2017 చట్టమే ఉంది. మహబూబ్‌నగర్‌లో తెలిసిన ముఖాలుంటాయని భయమైతే గాంధీలోనో ఉస్మానియాలోనో చేయించుకో. పొరపాటు జరిగిందనిపిస్తే హెచ్‌ఐవీ సోకకుండా 72 గంటల్లోపు మొదలుపెట్టాల్సిన మందులున్నాయి, ఎంత తొందరగా వెళితే అంత మంచిది. పొద్దున చూద్దాంలే అనుకోకు.

ఉండే చోటు విషయం. మా నల్గొండవాళ్లకు దిల్‌సుఖ్‌నగర్ ఎలాగో మీ పాలమూరువాళ్లకు ఆరాంఘర్ వైపు అలాగ, అడుగు తీసి అడుగేస్తే సొంతూరి ముఖం ఎదురవుతుంది. బాబాయి వరసాయన రూమ్‌లో ఉండమని ఇంట్లో అంటారు. అద్దె మిగులుతుంది నిజమే, కానీ రాత్రి ఎప్పుడొచ్చావన్న లెక్క రోజూ ఊరికి చేరుతుంది. ఆఫీసుకు దగ్గర హాస్టల్ చూసుకో. చివరి మెట్రో పదకొండుకు అటూ ఇటూ ఉంటుంది, దాటితే క్యాబ్‌కే సగం జీతం. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ, ఆ భాగ్యం మనకింకా రాలేదు.

అమ్మకు చెప్పాలా అని అడిగావు. ఇప్పుడే వద్దు. పట్నం పోయిన మొదటి నెలలో, నలుగురిని చూసిన ఉత్సాహంలో ఫోన్‌లో చెప్పేస్తారు చాలామంది, అటువైపు ఆ ముసలి ప్రాణం ఒక్కతే కూర్చుని ఏడుస్తుంది. నీ కాళ్ల మీద నువ్వు నిలబడు, ఇల్లు గెంటేసినా తినగలిగేలా ఉండు, అప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పు. అప్పటిదాకా దసరాకు ఇంటికి పో, జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కు, బతుకమ్మకు తంగేడు పూలు తెచ్చివ్వు. పట్నం దొరికింది కదా అని ఊరిని వదులుకోవాల్సిన అవసరం లేదు. ఎవరైనా నయం చేయిస్తామని డాక్టర్ దగ్గరికి తీసుకెళితే, అలాంటి వైద్యం చేయడం తప్పని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ డాక్టర్లకే చెప్పిందని ధైర్యంగా చెప్పు. ఇది జబ్బు కాదు.

పెళ్లి మాట వస్తే మాత్రం మెత్తబడకు. ఉద్యోగం వచ్చింది కాబట్టి ఏడాదిలోపు సంబంధాలు మొదలవుతాయి. ఇంట్లోవాళ్ల ఏడుపు చూడలేక ఒక ఆడపిల్ల మెడలో తాళి కట్టి, ఆమెనూ నిన్నూ జీవితాంతం కాల్చుకునే పని చేయొద్దు. ఏ సాకు చెబుతావో చెప్పు, చెల్లెలి పెళ్లి కానీ, ఇల్లు కట్టాలి కానీ. ఈ ఒక్క విషయంలో అబద్ధమాడినా నిన్ను తప్పుపట్టను.

నెలకో ఆదివారం నేను బస్సెక్కి హైదరాబాద్ వస్తుంటాను. నువ్వు చేరాక ఫోన్ చెయ్, లామకాన్‌లో కలుద్దాం, ఎవరెవరు ఏం పనులు చూసుకుంటారో పరిచయం చేస్తాను. ఆ పాట రెండో చరణం ఇంకా కుదరలేదు, అది సరిచేసి తీసుకురా. ఈ ఉత్తరం చదివాక ఫోన్‌లోంచి తీసెయ్, ఫొటోలు చూడ్డానికి అమ్మ నీ ఫోన్ తీసుకుంటుందన్నావు కదా.

నీ నల్గొండ అన్న