పాతపేటలో టవర్ కట్టబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన డ్రాయింగులు శ్రద్ధగా చూశాను. పై అంతస్తుల మీద పెట్టిన శ్రమలో సగమైనా కింది మూడంతస్తుల మీద పెట్టలేదు. ముందు అక్కడికి రా. పాత వీధిలో నడిచే మనిషికి ఇరవయ్యో అంతస్తుతో పనిలేదు. పక్కింటి గోడ ముగిసిన చోట నీ గోడ ఎలా మొదలైందో అతనికి రోజూ కనబడుతుంది.

వీధికి రెండు వైపులా ఉన్న ఇళ్లన్నిటినీ కొలిచి ఒకే పొడవాటి కాగితం మీద గీయి. చూరు ఎత్తు, కిటికీల మధ్య దూరం, తలుపుల వెడల్పు, ఏదీ వదలకు. చుట్టూ మూడంతస్తుల ఇళ్లుంటే నీ కింది భాగం వీధి అంచునే నిలిచి, ఆ చూరు గీత దగ్గర ఆగాలి. టవర్ దాని వెనక నుంచి లేవాలి. గాలి విషయంలోనూ ఇదే మేలు. ఎత్తైన గోడకు కొట్టుకున్న గాలి కిందికి దిగి పాదచారుల మీద విసురుగా పడుతుంది. టవర్ ముందు మెట్టులా నిలిచిన ఆ కింది భాగం దాని జోరును చాలావరకు పైనే విరుస్తుంది. ఆకారం ఖరారు కాకముందే నమూనా మీద గాలి పరీక్ష చేయించు.

పార్కింగ్ ర్యాంప్, ట్రాన్స్‌ఫార్మర్ గది, చెత్త గది, ఫైరింజన్ దారి... ఇవన్నీ వీధి ముఖాన్నే కోరతాయి. చివర్లో సర్దుకోవచ్చు అనుకుంటే ముందు వైపంతా షట్టర్లే మిగులుతాయి. వాటి చోటు మొదటి వారంలోనే తేల్చు. పక్క సందు ఉంటే అటు మళ్లించు.

పాత కమానులను కొత్త కాంక్రీటుకు అతికించవద్దు. మిలాన్‌లోని టోరె వెలాస్కాను మళ్లీ చూడు. 1950లలో కట్టిన 106 మీటర్ల టవర్ అది. కట్టినప్పుడు కింద ఆఫీసులు, పైన ఇళ్లు. వాలు దూలాల మీద పై అంతస్తులు వెడల్పై ముందుకొస్తాయి. చూడగానే మధ్యయుగపు బురుజు మనసులో మెదులుతుంది, కానీ అది పాతదానికి నకలు కాదు, తన కాలపు కట్టడమే. 1959లో ఆధునిక ఆర్కిటెక్టులే దాన్ని గట్టిగా విమర్శించారు. నా దృష్టిలో అది నెగ్గింది. పారిస్‌లో 1973లో పూర్తయిన 210 మీటర్ల మోంపర్నాస్ టవర్ మీద మాత్రం జనాగ్రహం చల్లారలేదు. 1977లో ఆ నగరం కొత్త కట్టడాల ఎత్తును బాగా కుదించింది. దూరం నుంచి కనిపించే దృశ్యాలు పాడైతే ఊరు క్షమించదు. అందుకే జనం నిజంగా నిలబడే చోట్ల నుంచి, మనిషి కంటి ఎత్తులో, చెట్లు ఆకు రాల్చిన కాలంలో తీసిన ఫొటోల మీద నీ టవర్‌ను పెట్టి చూడు.

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం నేల కింద. పాత ఇళ్ల పునాదులు సాధారణంగా లోతు తక్కువ, కట్టుబడి సున్నం. నువ్వు సెల్లార్ కోసం తవ్వి నీళ్లు తోడితే, చుట్టూ భూగర్భ జలమట్టం దిగి వాళ్ల గోడల కింద నేల కుంగవచ్చు. కొయ్య పైల్స్ మీద, అంటే నేలలోకి దింపిన కొయ్య స్తంభాల మీద, నిలిచిన ఇళ్లకైతే ఇంకో ముప్పు ఉంది. ఇన్నాళ్లూ నీటిలో భద్రంగా ఉన్న ఆ కొయ్య గాలి తగిలితే కుళ్లుతుంది. నీరు రాకుండా గుంత చుట్టూ గోడ ముందే దింపించు. సుత్తితో దిగగొట్టే పైల్స్ వద్దు, బోరు వేసి పోత పోసేవే వాడు. చారిత్రక కట్టడాల పునాది దగ్గర, తక్కువ ఫ్రీక్వెన్సీ ప్రకంపనలకు జర్మనీ DIN 4150 ప్రమాణం సూచించే వేగపు హద్దు సెకనుకు 3 మిల్లీమీటర్లు. ఆ అంకె కాంట్రాక్టులో ఉండాలి, ప్రకంపనలు కొలిచే మీటరు పక్కింటి గోడ మీద ఉండాలి. పని మొదలుకాకముందే పక్క ఇళ్లలోని ప్రతి పగులునూ ఫొటో తీసి, యజమానితో సంతకం చేయించు. రేపు గొడవ వస్తే మీ ఇద్దరినీ కాపాడేది ఆ కాగితమే.

ఇక నీడ. నీ టవర్ ఎవరి ఇంటి మీద ఏ నెలలో ఎన్ని గంటలు నీడ వేస్తుందో లెక్కగట్టి, వాళ్లు అడగకముందే వాళ్లకు చూపించు. చలికాలపు ఎండ ఎవరికైనా పూర్తిగా పోతోందని తేలితే, కొన్ని అంతస్తులు తగ్గించమని నీ క్లయింటుకు చెప్పాలి. నష్టం ఎంతో ముందు నువ్వే లెక్కవేసి తీసుకెళ్లు. ఆ మాట నీకు బదులుగా చెప్పేవాళ్లు ఆ గదిలో ఉండరు.