బావి తవ్వే వేగం ఏఐ చెప్పేస్తే మా అబ్బాయి చదువేం కావాలి?

ప్రశ్న: మా అబ్బాయి కాకినాడలో పెట్రోలియం ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. చమురు బావుల్లో డ్రిల్లింగ్ ఎంత వేగంగా సాగుతుందో కూడా ఇప్పుడు మెషీన్ లెర్నింగే (డేటా నుంచి నేర్చుకునే ఏఐ) చెబుతోందట. మా చుట్టాలబ్బాయి ప్యాకేజీ చూస్తే మనసు అటే లాగుతోంది. ఈ బ్రాంచి మానిపించి ఏఐలో చేర్పించాలా? లేక 90 వేలు కట్టి డేటా సైన్స్ కోర్సు చేయించాలా? ఏది మేలు?
– ఒక తండ్రి, అమలాపురం

జవాబు: ముందుగా ఒక మాట. మీ ఉత్తరంలో చుట్టాలబ్బాయి ప్యాకేజీ ఉంది, కోర్సు ఫీజు ఉంది. మీవాడికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. అడిగారా? అడగకుండానే బ్రాంచి మార్పించే ఆలోచన దాకా వచ్చేశారంటే టెన్షన్ వాడిది కాదు, మీది.

ఇక మీరు విన్న విషయం. ఊళ్లో బోరు వేయించిన ఎవరికైనా తెలుసు, మట్టిలో సర్రున దిగిన బిట్టు (తవ్వే మొన) బండ తగలగానే మొరాయిస్తుంది. చమురు బావిలోనూ అంతే, కాకపోతే లోతు కిలోమీటర్లలో ఉంటుంది. బిట్టు మీద పడే బరువు, అది తిరిగే వేగం, టార్క్ (దాన్ని తిప్పే బలం), మడ్ (బావిలోకి పంపే బురద లాంటి ద్రవం) ప్రవాహం, రాయి గట్టిదనం... వీటన్నిటినీ బట్టి గంటకు ఎన్ని మీటర్లు దిగుతుందో అంచనా కడతారు. ఇదేమీ నిన్నమొన్నటి సంగతి కాదు. 1974లోనే బోర్గోయిన్, యంగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు బావుల డేటా నుంచి రిగ్రెషన్ అనే గణాంక పద్ధతితో ఇలాంటి సూత్రం ఇచ్చారు. ఇప్పుడు దాని పక్కన ర్యాండమ్ ఫారెస్ట్, న్యూరల్ నెట్‌వర్క్ అనే మెషీన్ లెర్నింగ్ పద్ధతులు వచ్చి చేరాయి.

నా అనుమానాలూ చెబుతాను. ఈ వేగాన్ని అంచనా కట్టే మోడల్ చేశామని విద్యార్థులు నాకు చూపించే ప్రాజెక్టుల్లో 'అక్యురసీ' (అంచనా కచ్చితత్వం) తొంభై శాతం దాటే ఉంటుంది. ఎలా వచ్చిందని అడిగితే, ఒకే బావి డేటాను కలగాపులగం చేసి, కొంత నేర్పడానికి, కొంత పరీక్షకు వాడామంటారు. 2,000 మీటర్ల దగ్గరి రాయికీ 2,001 దగ్గరి రాయికీ తేడా ఎంత? జవాబు పక్కనే పెట్టుకుని పరీక్ష రాసినట్టే. అదే మోడల్‌ను కొత్త బావికి తీసుకెళ్తే బోల్తా పడుతుంది. 90 వేల కోర్సులో ఈ సంగతి చెబుతారో లేదో కనుక్కోండి.

ఇంకోటి. దిగుతున్న బిట్టు వేగం ఒక్కసారిగా పెరిగితే ఏఐ మాత్రమే నేర్చుకున్న కుర్రాడు సంబరపడతాడు. అనుభవమున్న డ్రిల్లర్ మాత్రం వెంటనే ఆపి, బావిలోంచి మడ్ పైకి పొంగుతోందేమో చూస్తాడు. ఆ వేగం గ్యాస్ ఉన్న మెత్తటి పొర తగిలిందనడానికి గుర్తు కావచ్చు. 1995లో రెండు నెలలు దాటి మండిన పాశర్లపూడి బ్లోఅవుట్ (బావిలోంచి గ్యాస్ అదుపు తప్పి ఎగజిమ్మడం) సంగతి మీ ప్రాంతం వాళ్లకు నేను చెప్పాలా? బావి అదుపు తప్పితే ఏమవుతుందో మీరు కళ్లారా చూసి ఉంటారు. ఆ జాగ్రత్త నేర్పేది మీవాడి సిలబస్సే.

కాబట్టి భయపడకండి. ఏఐకి వాడే ప్రోగ్రామింగ్ భాష పైథాన్ ఒక ఏడాదిలో ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు, రాయీ మడ్డూ అలా రావు. కష్టమైన సగం వాడి చేతిలో ఉంది. అలాగని ఉద్యోగాలు రాశులు పోసి ఉన్నాయని చెప్పను. చమురు ధర పడితే రిక్రూట్‌మెంట్లు ఆగిపోతాయి, 2020లో చూశాం. సాఫ్ట్‌వేర్‌లోనూ ఒడిదుడుకులున్నాయి. ఏది మేలో తూకం వేయమన్నారు. రెండేళ్లు పోగొట్టుకుని బ్రాంచి మారడం మాత్రం నాకు నష్టంగానే కనిపిస్తోంది, వాడికి ఈ సబ్జెక్టంటే నిజంగా పడకపోతే తప్ప.

ఆ 90 వేలు ప్రస్తుతానికి కట్టకండి. నార్వే కంపెనీ ఈక్వినార్ 2018లో ఉత్తర సముద్రంలోని వోల్వ్ చమురు క్షేత్రం డేటాను అందరికీ విడుదల చేసింది, డ్రిల్లింగ్ వివరాలతో సహా. ఈ సెలవుల్లో దాన్ని పట్టుకోమనండి. ఒక బావిని పూర్తిగా పక్కన పెట్టి, మిగతా బావులతో మోడల్ నేర్పి, పక్కన పెట్టినదాని మీద పరీక్షించమనండి. మార్కులు తక్కువొస్తాయి. ఎందుకు తక్కువొచ్చాయో రాయి పొరల లెక్కన వివరించగలిగితే, ఇంటర్వ్యూలో వాడికి చెప్పడానికి సరుకున్నట్టే.