సనూర్ టూరుకు లోను వద్దు, ముందు ఆర్నెల్ల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: మాది విజయవాడ. ఇద్దరం ప్రైవేటు ఉద్యోగులం. కలిపి చేతికి 95 వేలు వస్తాయి. కారు ఈఎంఐ 14 వేలతో సహా నెల ఖర్చు 62 వేలు. బ్యాంకులో 60 వేలున్నాయి. పెళ్లిరోజుకి బాలిలోని సనూర్‌లో ఐదు రాత్రులు గడపాలని ఉంది. టికెట్లకు 70 వేలు, బీచ్ రిసార్టుకు 60 వేలు, తిండికీ తిరగడానికీ 20 వేలు, షాపింగుకు 30 వేలు అనుకున్నాం. ఈ 1.80 లక్షలు 16 శాతం వడ్డీకి, రెండేళ్లకు పర్సనల్ లోను ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ‘ఈఎంఐ కట్టగలం కదా’ అన్న ఒక్క లెక్కతో టూరు ఖాయం చేసుకునేవాళ్లు చాలామంది. మీ ఈఎంఐ దాదాపు 8,813 అవుతుంది. రెండేళ్లలో వడ్డీ 31,500. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే జీఎస్టీతో మరో 4,248. మొత్తం 36 వేలకు దగ్గర, అంటే అదే రిసార్టులో మూడు రాత్రుల అద్దె. ఐదు రోజుల సరదాకి ఇరవై నాలుగు నెలల అప్పు ఎందుకండీ?

అసలు భయం వేరే. లెక్కప్రకారం మీకు నెలకు 33 వేలు మిగలాలి. ఖాతాలో రెండు నెలల మిగులు కూడా లేదు. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోతే ఆ 60 వేలు ఎన్నాళ్లు వస్తాయి? కారు ఈఎంఐ ఆగదు, దానికి ఈ లోను తోడవుతుంది. అప్పుడు క్రెడిట్ కార్డు గీకుతారు. ఊబి అక్కడే మొదలవుతుంది. మీ ఆర్నెల్ల ఖర్చు 3.72 లక్షలు. ఉన్నది పోను ఇంకా 3.12 లక్షలు కావాలి.

జీతం పడ్డ మర్నాడే 24 వేలు వేరే బ్యాంకు ఖాతాకు పంపండి. దాన్ని యూపీఐకి కలపొద్దు. మిగిలిన 9 వేలతో ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కట్టండి. పదమూడు నెలలకు ఆర్నెల్ల నిధి పూర్తవుతుంది, టూరుకు 1.17 లక్షలు, పైన కాస్త వడ్డీ చేతికొస్తాయి. బోనస్ వస్తే నిధిలోనే వేయండి. బంగారం మీద లోనయినా, కార్డు ఈఎంఐ అయినా ఇదే జవాబు.

1.17 లక్షలు సరిపోతాయా అంటే, సరిపోతాయి. షాపింగు తీసేయండి. సనూర్‌లో బీచ్‌కు సమాంతరంగా సాగే జలాన్ దనౌ తంబ్లింగన్ రోడ్డు పక్క సందుల్లో గెస్ట్‌హౌసులున్నాయి. రాత్రికి 4 వేల లోపు గది చూసుకుంటే సముద్రానికి నడిచే వెళ్లొచ్చు. మీరు మరిచిన ఖర్చు ఒకటుంది. వీసా ఆన్ అరైవల్ (అక్కడ దిగాక ఇచ్చే వీసా) మనిషికి 5 లక్షల రుపియాలు (ఇండోనేషియా కరెన్సీ), బాలి పర్యాటక రుసుము 1.5 లక్షల రుపియాలు. ఇద్దరికీ కలిపి సుమారు 7 వేల రూపాయలు.

ట్రావెల్ ఇన్సూరెన్స్ మాత్రం మానొద్దు, ఆర్డీ వడ్డీతో కొనండి. ఆఫీసు గ్రూపు పాలసీ సాధారణంగా మన దేశం దాటితే పనిచేయదు. టూవీలర్ లైసెన్సు, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా స్కూటర్ నడిపి పడితే క్లెయిము తిరస్కరిస్తారు, ఆసుపత్రి బిల్లు మొత్తం మీ మీదే పడుతుంది. సనూర్‌లో స్కూటర్ అవసరమే లేదు. తీరం వెంబడి కిలోమీటర్ల పొడవున చదునైన కాలిబాట ఉంది, అద్దె సైకిలు చాలు. నుసా పెనిడాకు పడవలో వెళ్తే అక్కడ కారు మాట్లాడుకోండి, ఆ దీవి రోడ్లు నిటారుగా ఉంటాయి.

అక్కడి ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో నగదు తీయొద్దు, ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. దుకాణంలో బిల్లు రూపాయల్లో వేయమంటారా అని అడిగితే, రుపియాల్లోనే వేయమనండి.