జీతం లేని అడ్మిన్ దగ్గర న్యాయం ఆశించవచ్చా?

మీ ఊరి గ్రూపులో అడ్మిన్ మీ పోస్టు తీసేశాడు, అలాంటిదే తన చుట్టాలు పెడితే ఊరుకున్నాడు, ఊరికే సేవ చేసేవాళ్ళని నిలదీయడం తప్పా అని అడిగారు. తప్పు కాదు. ఆ అడ్మిన్ చేసిన పనే ఒకప్పుడు నేనూ చేశాను. అందుకే రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టి పోయినప్పుడు మా వాట్సాప్ గ్రూపు మొదలైంది. రోజుల తరబడి కరెంటు లేదు. ఏ ఊరికి నీళ్ళ ట్యాంకరు వచ్చిందో, ఎవరి ఇంటి పైకప్పు ఎగిరిపోయిందో వైజాగ్‌లోనూ హైదరాబాద్‌లోనూ ఉన్న పిల్లలకి తెలియాలి. అప్పట్లో ఒక గ్రూపులో 256 మందికి మించి చేర్చే వీల్లేదు. తుపాను గొడవ సద్దుమణిగినా గ్రూపు ఉండిపోయింది. చావు కబుర్లు, పెళ్ళి పిలుపులు, కొబ్బరి రేటు, రక్తం కావాలన్న మెసేజీలు, అన్నీ అందులోనే.

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీరు వినే ఉంటారు. అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. అయినా డయాలసిస్‌కి వెళ్ళొచ్చే మనిషి లేని వీధి మా వైపు తక్కువ. అలాంటి చోట 'ఈ పొడి వాడితే క్రియాటినిన్ (కిడ్నీ పాడైతే రక్తంలో పెరిగేది) దిగిపోతుంది' అన్న పోస్టు ఎంతమందిని లాగుతుందో చెప్పక్కర్లేదు.

ఒకసారి పక్క మండలం ఆయన ఒకరు అలాంటి పొడి ప్యాకెట్ ఫోటో, ఫోన్ నంబరు పెట్టారు. ఐదు నిమిషాల్లో తీసేశాను. వారం తిరక్కుండా మా మావయ్య ఒక ఆకు పసరు గురించి పెట్టాడు, 'డయాలసిస్ మానేయొచ్చు' అని కూడా రాశాడు. మెసేజీ మీద వేలు నొక్కి పట్టాను. డిలీట్ గుర్తు వచ్చింది. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, నా కాలేజీ ఫీజు కట్టినవాడు. ఆదివారం ఇంటికెళ్ళి నెమ్మదిగా చెబుదాంలే అని ఫోను పక్కన పెట్టేశాను.

మర్నాడు పొద్దున్న ఒకామె రాసింది: "అన్నా, మా ఆయనకి రేపు డయాలసిస్ ఉంది. ఈ పసరు మొదలెడితే వెళ్ళక్కర్లేదా?"

నాకు చేతులు వణికాయి. వెంటనే ఫోన్ చేసి, డాక్టరు చెప్పకుండా ఒక్కటి కూడా మానొద్దమ్మా అని బతిమాలాను. అప్పుడు తీసేశాను మావయ్య పోస్టు. "ఏరా, నా మెసేజీ కూడా తీసేత్తావేటి?" అని ఆయన మూడు నెలలు మా గుమ్మం తొక్కలేదు. కానీ నన్ను ఎక్కువ గుచ్చింది ఆ పొడి పెట్టినాయన మాట. "మీ మావయ్య పెడితే వైద్యం, నేను పెడితే మోసమా బాబూ?" అని రాసి గ్రూపులోంచి వెళ్ళిపోయారు. పొడి విషయంలో ఆయనది తప్పే. ఈ ప్రశ్నలో మాత్రం ఆయనదే న్యాయం.

పక్షపాతం చూపించాలని నేను అనుకోలేదు. వేలు నొక్కి పట్టిన ఆ అర నిమిషంలో జరిగిపోయింది. మీ అడ్మిన్‌దీ అదే కావచ్చు. లేదా అతను ఆ రెండో పోస్టు చూసే ఉండకపోవచ్చు. నేను జీడి వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను. ఏప్రిల్, మే నెలల్లో పిక్కలు దిగేటప్పుడు రాత్రి తొమ్మిదింటి దాకా ఫోను ముట్టుకోను. అప్పటికి రెండు వందల మెసేజీలుంటాయి. ఎవరైనా ఫిర్యాదు చేసింది కనబడుతుంది, మిగతాది కొట్టుకుపోతుంది.

పైగా 2022 దాకా వాట్సాప్‌లో అడ్మిన్‌కి ఇంకొకరి మెసేజీ తీసే వీలే లేదు. తప్పు చిన్నదైనా పెద్దదైనా, మనిషిని తీసేయాలి లేదా చూస్తూ ఊరుకోవాలి. ఇప్పుడు మెసేజీ తీయొచ్చు, ఏ అడ్మిన్ తీశాడో పేరు కూడా పడుతుంది. ఎందుకు తీశాడో పడదు. అనుమానాలన్నీ అక్కడే పుడతాయి.

కేసులవుతాయన్న భయంతో కనిపించిందల్లా తీసేసే అడ్మిన్లూ ఉన్నారు. ఇద్దరూ కలిసి అనుకున్న దురుద్దేశం లేకుండా సభ్యుడి పోస్టుకి అడ్మిన్‌ని బాధ్యుణ్ణి చేయకూడదని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి చెప్పింది. మరుసటి ఏడాది కేరళ హైకోర్టు కూడా అలాగే చెప్పింది.

ఆ గొడవ తర్వాత ముగ్గురం అడ్మిన్లం అయ్యాం. మా చుట్టాలు, మేం బాకీ ఉన్నవాళ్ళు, మా పార్టీవాళ్ళు పెట్టినవాటి జోలికి మేం వెళ్ళం, మిగతా ఇద్దరిలో ఒకరు చూస్తారు. తీసిన ప్రతిసారీ ఒక్క వాక్యంలో కారణం రాస్తాం. మందుల పోస్టులో రేటు, ఫోన్ నంబరు, 'చికిత్స మానేయండి' అన్న మాట, ఏది ఉన్నా ఎవరిదైనా తీసేస్తాం. ఇది అన్నింటికీ సరిపోదు. 2024 ఎన్నికలప్పుడు తిట్లు ఆపలేక, పోలింగుకి ముందు రెండు రోజులు అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టేశాం. అది న్యాయమని కాదు, మా వల్ల కాక. ఆ రెండు రోజుల్లో రక్తం కావాలన్న మెసేజీ ఒకటి గంటసేపు మా ముగ్గురి ఫోన్లలోనే ఉండిపోయింది.

కాబట్టి మీ అడ్మిన్‌ని గ్రూపులో అందరి ముందు కాకుండా విడిగా అడగండి. మీ పోస్టు, ఆ చుట్టాల పోస్టు పక్కపక్కన పెట్టి, తేడా ఏమిటో చెప్పమనండి. చూడలేదంటే నమ్మండి, చూపించిన తర్వాత ఏం చేస్తాడో గమనించండి. తీరిక లేదంటే రాత్రిపూట మీరు చూస్తానని చెప్పండి, అది నిజంగా పెద్ద సాయం. చూపించాక కూడా చుట్టాల పోస్టు అలాగే ఉంటే, అప్పుడు అందరి ముందు అడిగే హక్కు మీకుంది.

ఆ పొడి పెట్టినాయనకి నేను రెండుసార్లు ఫోన్ చేశాను. పొడి పోస్టు తీసినందుకు కాదు, మావయ్యది ఒక రోజు ఉంచినందుకు క్షమించమని అడిగాను. విన్నారు. గ్రూపులోకి మాత్రం తిరిగి రాలేదు.