డాక్టర్ సలహా: మేడ మీద ‘డుంబు’ ఉన్నాడంటున్నాడు.. బాబును ఎవరికి చూపించాలి?

ప్రశ్న: మా బాబుకు ఐదున్నరేళ్లు. ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేర్పించాం. మాటలు బాగా వచ్చు, తిండి ఫర్వాలేదు. కానీ వాడి లోకం వాడిది. మేడ మీద నీళ్ల ట్యాంకు వెనకాల ‘డుంబు’ అనే స్నేహితుడు ఉన్నాడంటాడు. టిఫిన్ పెడితే డుంబుకూ ఒక ఇడ్లీ పెట్టమంటాడు. మొన్న వానలు పడ్డాక ఆరుద్ర పురుగులను అగ్గిపెట్టెలో వేసుకుని, పిల్లలకు చూపిస్తానని స్కూలుకు పట్టుకెళ్లాడు. ‘క్లాసులో కిటికీ వైపు చూస్తూ కూర్చుంటాడు, పిలిచినా పలకడు, ఒకసారి ఎవరికైనా చూపించండి’ అన్నారు టీచర్. నెట్‌లో చదివితే ఆటిజం, ఏడీహెచ్‌డీ అని ఏవేవో వస్తున్నాయి. మావారేమో ‘ఇంత అమాయకంగా ఉంటే రేపు ఎలా నెగ్గుకొస్తాడు’ అని, ఐఐటీ ఫౌండేషన్ ఉన్న స్కూలుకు మారుద్దామంటున్నారు. మా అత్తయ్య రోజూ దిష్టి తీస్తున్నారు. ఏప్రిల్‌లో మా మామయ్యగారు పోయారు. బాబును రోజూ సాయంత్రం మొక్కలకు నీళ్లు పోయడానికి మేడ మీదకు తీసుకెళ్లేది ఆయనే. ‘తాతయ్య ఊరెళ్లాడు’ అని చెప్పాం, ఇప్పటికీ ఎప్పుడొస్తాడని అడుగుతుంటాడు. – ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ భయమంతా డుంబు గురించి, టీచర్ మాట గురించి. నాకు మాత్రం చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన తాతయ్య సంగతి దగ్గర మనసు ఆగిపోయింది. అక్కడికి వస్తాను. ముందు డుంబు విషయం తేల్చేద్దాం, అందులో భయపడాల్సింది దాదాపు ఏమీ లేదు కాబట్టి.

ఈ వయసు పిల్లలు లేని స్నేహితుణ్ని కల్పించుకోవడం చాలా మామూలు. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో మార్జొరీ టేలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి దీన్నే అధ్యయనం చేశారు. ప్రాణమున్నట్టు చూసుకునే బొమ్మలను కూడా కలుపుకుంటే, ఏడేళ్లు వచ్చేలోగా దాదాపు మూడింట రెండొంతుల మంది పిల్లలకు ఏదో ఒక దశలో ఇలాంటి నేస్తం ఉన్నట్టు ఆమె బృందం 2004లో ప్రచురించింది. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. తమ నేస్తం గురించి గడగడా చెబుతున్న పిల్లలే మధ్యలో ఆగి, ‘ఇది ఉత్తుత్తినే, తెలుసా’ అన్నట్టు అడిగేవాళ్లను హెచ్చరించేవారట, పాపం ఈ పెద్దవాళ్లు నిజమనుకుంటున్నారేమో అని! మీవాడికీ డుంబు ఉత్తుత్తివాడని తెలిసే ఉంటుంది. కావాలంటే రేపు ఇడ్లీ పెట్టేటప్పుడు ‘డుంబు నిజంగా తింటాడా, ఉత్తుత్తిగానా?’ అని నవ్వుతూ అడిగి చూడండి. తిట్టొద్దు, వెక్కిరించొద్దు. అలాగని మీరే పని గట్టుకుని డుంబుకు ప్లేటు వేయనూ అక్కర్లేదు. వాడి ఆట, వాడినే నడిపించనివ్వండి. డుంబు ఎవరినో కొట్టమంటున్నాడనో, డుంబు అంటే భయమనో, డుంబు తప్ప వేరే పిల్లలు వద్దనో అంటే మాత్రం అప్పుడు చూపించండి.

ఆటిజం భయం కూడా ఇక్కడే కొంత తగ్గించుకోవచ్చు. ఆటిజంలో మేం ముఖ్యంగా చూసేది ఎదుటివారితో పంచుకోవడం, ఊహించి ఆడటం. లేని నేస్తానికి ఇడ్లీ అడిగేవాడు, పురుగులు దొరికితే ముందు స్నేహితులకు చూపించాలనుకునేవాడు ఆ రెండూ చేస్తున్నట్టే. ఉత్తరం చూసి నేను నిర్ధారణ చేయను. కానీ మీరు రాసినదాంట్లో నాకు ఆ లక్షణాలు కనబడలేదు.

ఇక టీచర్ మాట. ‘పిలిచినా పలకడు’ అన్నారు చూడండి, దాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. కారణం చెబుతాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక తల్లి ఏడేళ్ల పాపను తీసుకొచ్చి ‘దిక్కులు చూస్తుందండీ’ అంది. పిల్లలన్నాక చూస్తారమ్మా అని పంపేశాను. మూడు నెలల తర్వాత అదే పాప నా ఎదుట కూర్చుని పేరు చెబుతూ చెబుతూ సగంలో ఆగిపోయింది. కనురెప్పలు టపటపా కొట్టుకున్నాయి. పది సెకన్లు. తర్వాత ఏమీ జరగనట్టు మిగతా సగం పేరు చెప్పింది. అది పరధ్యానం కాదు, ఆబ్సెన్స్ సీజర్ అనే ఒక రకం మూర్ఛ. కింద పడిపోరు, నురగ రాదు కాబట్టి ఇంట్లోవాళ్లకు అనుమానమే రాదు. రోజుకు పదులసార్లు రావచ్చు. మందులతో చాలామందిలో బాగా అదుపులోకి వస్తుంది. ఆ పాపకూ వచ్చింది. కానీ ఆ మూడు నెలలు పోగొట్టింది నేనే, అది ఇప్పటికీ గుర్తుంది.

తేడా ఎలా పట్టుకోవాలి? పగటికలలో ఉన్న పిల్లవాడి భుజం తడితే తిరిగి చూస్తాడు. ఏదో తోచకో, కిటికీ బయట ఉడత కనబడో అలా వెళ్లిపోతాడు. ఆబ్సెన్స్ అయితే ఆడుతున్నా, తింటున్నా, మాట్లాడుతున్నా ఉన్నట్టుండి ఆగిపోతాడు, తట్టినా తెలియదు, కాసేపటికి తనంతట తానే తేరుకుంటాడు. టీచర్‌ను ఈ ఒక్క సంగతి గమనించమనండి: పిలవడం కాదు, దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేసినప్పుడు చూస్తున్నాడా లేదా? మీకు ఇంట్లో అలాంటిది కనబడితే ఫోన్‌లో వీడియో తీయండి, మాకు అదే పెద్ద సాయం. అనుమానం ఉంటే మేం పిల్లల చేత కాగితపు గాలిమరను మూడు నిమిషాలు గట్టిగా ఊదిస్తాం, ఆ ఊదడంలో ఇది బయటపడుతుంది. ఆ పరీక్ష మా ముందే జరగాలి, ఇంట్లో చేయకండి. తర్వాత ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) తీయిస్తాం.

పలకకపోవడానికి చెవులూ కారణం కావచ్చు. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి తగ్గుతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ గమనించరు. రాత్రి నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడా? ముక్కు వెనక భాగంలో ఉండే అడినాయిడ్స్ అనే కండ పెరిగి నిద్ర చెడితే పగలు క్లాసులో ఇలాగే కూర్చుంటారు. మట్టి, బలపాలు, గోడ సున్నం తింటున్నాడేమో చూడండి. అది ఐరన్ లోపానికి గుర్తు కావచ్చు, ఐరన్ తగ్గితే ధ్యాసా తగ్గుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) లెక్కల్లో దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందంటే, ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోవడం ఏమంత ఎక్కువ పని కాదు. కళ్లు, చెవులు, రక్తం, ఈ మూడూ చూపించండి. జిల్లా ఆసుపత్రుల్లో ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద నడిచే డీఈఐసీ (ఎదుగుదల లోపాలను ముందే గుర్తించే) కేంద్రాల్లో పిల్లల ఎదుగుదల పరీక్షలు ఉచితంగానే చేస్తారు.

ఇవన్నీ బాగుంటే ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, నిలకడ లేకపోవడం అనే సమస్య) మాట ఇప్పుడు ఎత్తకండి. ఆ పేరు పెట్టాలంటే లక్షణాలు కనీసం ఆరు నెలలు ఉండాలి, బడిలో ఒక్కచోటే కాదు, ఇంట్లోనూ కనబడాలి. మీవాడు బడికెళ్లి మూడు వారాలైంది! పైగా జాతీయ విద్యావిధానం 2020 ప్రకారం ఒకటో తరగతికి వయసు ఆరేళ్లు. మీవాడు ఆర్నెల్లు ముందే వెళ్లాడు. క్లాసులో అందరికంటే చిన్నవాళ్లకే ఏడీహెచ్‌డీ ముద్ర ఎక్కువ పడుతోందని చాలా దేశాల్లో తేలింది. పక్కన కూర్చున్న ఆరున్నరేళ్ల పిల్లవాడితో పోల్చి చూస్తే ఐదున్నరేళ్లవాడు ‘నిలకడ లేనివాడి’లాగే కనిపిస్తాడు మరి. వీలుంటే ఇంకో ఏడాది యూకేజీలో ఉంచడం గురించి ఆలోచించండి, సీటు పోతుందన్న టెన్షన్ ఒక్కటే అడ్డమైతే.

మీవారికి ఒక మాట. అమాయకంగా ఉంటే నెగ్గుకురాడన్న బెంగ తండ్రికి సహజం. కానీ అగ్గిపెట్టెలో ఎర్ర మఖమల్ ముక్కలాంటి పురుగును అరగంట కన్నార్పకుండా చూసే పిల్లవాడు చేస్తున్నది చదువే. ఈసారి మీరిద్దరూ పక్కన కూర్చుని దాని కాళ్లు లెక్కపెట్టండి. ఎనిమిదుంటాయి. చీమకు లెక్కపెడితే ఆరు. అంటే మనం ఆరుద్ర పురుగు అంటాం గానీ అది సాలీడుకు చుట్టం. ఈ సంగతి వాడికి ముందే చెప్పేయకండి, ‘చీమకీ దీనికీ కాళ్లు సమానంగా ఉన్నాయా?’ అని అడిగి ఊరుకోండి. లెక్క రేపటికి తేలినా, వారానికి తేలినా నష్టం లేదు. ఐఐటీ ఫౌండేషన్ వాళ్లు నేర్పాలని చూసేది చివరికి ఈ లెక్కపెట్టే అలవాటునే, కాకపోతే ఫీజు తీసుకుంటారు.

ప్రశ్నల వర్షం విసుగు పుట్టిస్తుంది, నిజమే. అన్నింటికీ జవాబు చెప్పాలని లేదు. ‘బస్సులో వెళ్తుంటే చందమామ మనతోపాటే ఎందుకొస్తున్నాడు?’ అని మీవాడూ అడిగే ఉంటాడు. దాదాపు వందేళ్ల కిందట పియాజే అనే శాస్త్రవేత్త స్విట్జర్లాండ్ పిల్లల నోట ఇదే మాట విని రాసుకున్నాడు. ఆ వయసులో లోకమంతా తనతో నడుస్తున్నట్టే ఉంటుంది. ‘నీకేమనిపిస్తోంది?’ అని తిరిగి అడగండి. వాడి జవాబు తప్పయినా వెంటనే దిద్దకండి. ఫోన్ తీసి వీడియో పెట్టడం అన్నింటికంటే సులువు, అన్నింటికంటే తొందరగా ప్రశ్న చచ్చిపోయేదీ అక్కడే. ఐదు నుంచి పదేళ్ల పిల్లలకు స్క్రీన్ రోజు మొత్తానికి రెండు గంటలకు లోపే ఉండాలని భారత పిల్లల వైద్యుల సంఘం (ఐఏపీ) చెబుతోంది. నన్నడిగితే ఆ రెండు గంటలు ఎండావానల్లో బయట గడిపితే మంచిది. పగటి వెలుతురులో ఎక్కువసేపు ఆడే పిల్లలకు హ్రస్వదృష్టి (దూరంవి మసకగా కనబడటం) వచ్చే అవకాశం తగ్గుతుంది.

ఇప్పుడు తాతయ్య సంగతి. డుంబు ఎప్పుడు వచ్చాడో ఒకసారి గుర్తు చేసుకోండమ్మా. ఏప్రిల్‌కు ముందా, తర్వాతా? రోజూ మేడ మీదకు తీసుకెళ్లిన చెయ్యి ఒకరోజు ఆగిపోయింది. ఆ మేడ మీదే ట్యాంకు వెనకాల ఒక స్నేహితుడు ఉన్నాడు. నేను ఎక్కువ ఊహిస్తున్నానేమో. కానీ క్లాసులో కిటికీ వైపు చూస్తున్నవాడు ఎవరికోసం చూస్తున్నాడో అడగాలనిపిస్తోంది.

డుంబు ఉత్తుత్తి అని వాడికి తెలుసు. ‘తాతయ్య ఊరెళ్లాడు’ అన్నది ఉత్తుత్తి అని వాడికి తెలియదు. వాడి పసితనం చెదిరిపోకూడదనే మీరలా చెప్పారు, అర్థమవుతోంది. అయితే పిల్లవాడికి అది ఎలా వినబడుతుందో చూడండి: నాకు చెప్పకుండా వెళ్లిపోయాడు, ఇన్నాళ్లయినా రాలేదు, నేనేమైనా అల్లరి చేశానా? రేపు వాళ్ల నాన్న ఆఫీసు పని మీద నిజంగానే ఊరెళ్తే ఏడుస్తాడు. ‘నిద్రపోయాడు’ అంటే కొందరు పిల్లలు పడుకోవడానికే భయపడతారు. ‘దేవుడు తీసుకెళ్లాడు’ అంటే గుడికి రానని మొండికేసిన పాపను నేనే చూశాను.

సూటిగా, చిన్న మాటల్లో చెప్పండి. ‘తాతయ్య చనిపోయాడు నాన్నా. గుండె కొట్టుకోవడం ఆగిపోయింది. ఇంక ఊపిరి తీసుకోడు, ఆకలెయ్యదు, నొప్పుండదు. మళ్లీ రాలేడు. నీ తప్పేం లేదు. ఊరెళ్లాడని మేం చెప్పింది తప్పే.’ చావంటే తిరిగి రాకపోవడమని ఐదు నుంచి ఏడేళ్ల మధ్యలోగానీ పూర్తిగా అర్థం కాదు, కాబట్టి మర్నాడు మళ్లీ ‘ఎప్పుడొస్తాడు’ అంటాడు. మళ్లీ అదే చెప్పండి, విసుక్కోకుండా. మీరు ఏడిస్తే ఏడవండి, వాడి ముందు దాచనక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లు ‘చుక్కయ్యాడు’ అంటే అననివ్వండి, నిజం ముందు చెప్పాక అది వాడికి బెంగ తీర్చే కథవుతుంది. నిద్ర, తిండి తగ్గినా, పక్క తడపడం మళ్లీ మొదలైనా, మిమ్మల్ని వదలకుండా కొంగు పట్టుకునే తిరుగుతున్నా పిల్లల మానసిక వైద్యులను కలవండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబరుకు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు.

పసితనం కాపాడాలని పిల్లలకు ఏమీ చెప్పకుండా ఉంచే ఇళ్లలో ఇంకో చిక్కుంది. శరీర భాగాల పేర్లు, ఎవరు ఎక్కడ ముట్టుకోకూడదు, ‘అమ్మకు చెప్పకు’ అనే రహస్యాలు ఉండకూడదన్న సంగతి ఐదున్నరేళ్లకు తెలిసి ఉండాలి. స్నానం చేయించేటప్పుడు మామూలు గొంతుతో చెబితే చాలు.

మీ అత్తయ్యగారిని దిష్టి తీయొద్దని నేను చెప్పను. మిరపకాయల పొగ మాత్రం పిల్లవాడి ముక్కుకు దూరంగా ఉంచమనండి. అంతకంటే పెద్ద పని ఆవిడకు ఒకటుంది. ఆవిడా భర్తను పోగొట్టుకున్న మనిషే కదా. సాయంత్రం ఇద్దరూ కలిసి మేడ మీదకు వెళ్లి ఆయన పెంచిన మొక్కలకు నీళ్లు పోయమనండి. బాబు తాతయ్య గురించి అడిగితే అక్కడే చెప్పమనండి.

మరిచిపోయాను, అగ్గిపెట్టె సంగతి. లోపల కాస్త తడిమట్టి వేసి, మూతకు సూదితో నాలుగు చిల్లులు పెట్టివ్వండి. స్కూలుకు కాదు, ఇంటి వరకే. చీకటి పడేలోగా ఎక్కడ పట్టాడో అక్కడే వదిలిపెట్టించి, చేతులు సబ్బుతో కడిగించండి.