దార్ ఎస్ సలాంలోని అంతర్జాతీయ డే స్కూల్లో పిల్లల చదువు ఎలా ఉంటుంది?

మీ వారికి టాంజానియాలోని దార్ ఎస్ సలాంలో ఉద్యోగం వచ్చిందనీ, హైదరాబాదులో నాలుగో తరగతి చదువుతున్న పాపను అక్కడి అంతర్జాతీయ పాఠశాలలో చేర్పిస్తే తిరిగి వచ్చాక చదువులో వెనకబడుతుందేమోనని భయంగా ఉందనీ రాశారు. మా అబ్బాయి ఆ నగరంలో అలాంటి బడిలోనే చదివాడు. పాప ఎనిమిదో తరగతి లోపు తిరిగి వచ్చేటట్లయితే నిస్సంకోచంగా చేర్పించండి.

మావాడి బడిలో ఉన్నది ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) అనే అంతర్జాతీయ విద్యా పద్ధతి. ప్రాథమిక తరగతుల్లో పాఠ్యపుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చెప్పడం ఉండదు. ఒక అంశాన్ని తీసుకొని, కొన్ని వారాలపాటు సైన్సు, చరిత్ర, భాష అన్నీ దానితో ముడిపెట్టి నేర్పుతారు. ఐదో తరగతిలో ‘ఎగ్జిబిషన్’ పేరుతో పిల్లలే ఒక సమస్యను ఎంచుకొని, పరిశోధించి, తల్లిదండ్రుల ముందు ప్రదర్శించాలి. టాంజానియా ప్రభుత్వం 2019 జూన్‌లో ప్లాస్టిక్ చేతి సంచులను నిషేధించింది కదా, మావాడి జట్టు దాన్నే ఎంచుకొని టీచరుతో కలిసి కివుకోని చేపల మార్కెట్‌కు వెళ్లింది. నిషేధం మంచిదేనా అని అక్కడి భాష స్వాహిలీలో అడిగితే అమ్మేవాళ్లందరూ మంచిదేనన్నారు. ఈ రోజు చేపలు దేనిలో పెట్టి ఇచ్చారని అడగడం మొదలుపెట్టాక గానీ అసలు సంగతి బయటపడలేదు. అడిగే తీరును బట్టి జవాబు మారుతుందని పదేళ్ల పిల్లలు సొంతంగా కనిపెట్టడం చూసి నాకు చాలా సంతోషం కలిగింది.

అయితే ఎక్కాలు, వేగంగా లెక్కలు చేసే అలవాటు, తెలుగు చదవడం, రాయడం మీరే ఇంటి దగ్గర చూసుకోవాలి. రోజూ కాసేపు కూర్చోబెడితే సరిపోతుంది.

చాలామంది తల్లిదండ్రులు ముందుగా ఊహించనిది స్నేహితులు దూరమవడం. విద్యాసంవత్సరం ఆగస్టులో మొదలై జూన్‌లో ముగుస్తుంది. దౌత్య కార్యాలయాల్లో, ఐక్యరాజ్యసమితి సంస్థల్లో పనిచేసేవారికి బదిలీలు అవుతుంటాయి కాబట్టి, ప్రతి జూన్‌లోనూ తరగతిలో కొందరు వెళ్లిపోతారు. ప్రాణస్నేహితుడు వెళ్లిపోయిన ఏడాది మావాడు కొత్తగా వచ్చిన పిల్లలతో కలవనేలేదు. ఎందుకని అడిగితే, ‘వాళ్లూ వెళ్లిపోతారు కదమ్మా’ అన్నాడు. అందుకే టాంజానియా పిల్లలతోనూ, తరతరాలుగా అక్కడే స్థిరపడిన గుజరాతీ కుటుంబాల పిల్లలతోనూ స్నేహం పెరిగేలా చూడండి. వాళ్లు నిలకడగా ఉంటారు. ఇల్లు కూడా బడికి దగ్గరలోనే తీసుకోండి. మార్చి నుంచి మే దాకా కురిసే పెద్ద వానల్లో రోడ్లు నీట మునిగితే పిల్లలు ఇల్లు చేరడం గగనమవుతుంది.

అక్కడే పన్నెండో తరగతిదాకా ఉండిపోతే మాత్రం మరో జాగ్రత్త అవసరం. ఐబీ డిప్లొమాకు మన దేశంలో గుర్తింపు ఉన్నప్పటికీ, ఇక్కడ ఇంజనీరింగ్‌లోనో వైద్యంలోనో చేరాలంటే దానికి కావలసిన సబ్జెక్టులను పదకొండో తరగతి మొదట్లోనే ఎంచుకోవాలి. మే నెలలో రాసే పరీక్షల ఫలితాలు జూలైలో వస్తాయి కాబట్టి, మీరు అనుకుంటున్న కళాశాలల ప్రవేశాల గడువును ముందే కనుక్కోండి.